ఆ శోకంలో మాట్లాడిందెవరు

ఆ శోకాన్ని మా బిడ్డ కాలేజీలో నలుగురి ముందు చదువుతానంది. వద్దని నేను దాని చేతిలోంచి ఫోన్ గుంజుకున్నాను. జరిగింది ఇంతే. కానీ ఇంతే అని ఊరుకుంటే వినేవాళ్ళకు ఏమీ తెలియదు, కాబట్టి వెనకటి నుంచి చెబుతాను. నేను చెబుతుంటే బిడ్డ రాస్తోంది. నాకు అక్షరాలు సరిగ్గా రావు. మహిళా సంఘంలో సంతకం నేర్పారు, గోడ మీద పెద్ద అక్షరాలుంటే కూడబలుక్కొని చదువుతాను. ముందు చెప్పాల్సింది వెనక్కి పోతే అది నా నోటి తప్పు, దాని చేతి తప్పు కాదు.

మా ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళం. నేను, మా అత్తమ్మ, నా బిడ్డ. బోధన్‌కు ఇవతల ఉంటుంది మా ఊరు. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. బిడ్డ ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది.

శోకం అంటే ఏమిటో తెలియని వాళ్ళు కూడా ఉంటారు. మా అత్తమ్మ వాళ్ళ దిక్కున చనిపోయిన మనిషి పక్కన ఆడవాళ్ళు ఊరికే కన్నీళ్ళు పెట్టుకోరు. మాట కట్టి, రాగం తీసి ఏడుస్తారు. ఒకరు మాట ఎత్తుకుంటే చివరి ముక్కను చుట్టూ కూర్చున్నవాళ్ళు అందుకుంటారు. పోయినవాడి మంచితనం, కష్టం, తిన్నది, తినకుండా పోయింది, అన్నీ అందులోనే వస్తాయి. మా అత్తమ్మ శోకం పెడితే పక్క ఊళ్ళలో కూడా పేరు. ఎవరింట్లో చావు జరిగినా ముందు ఆమెకే కబురు వచ్చేది.

నేను పుట్టింది కందకుర్తి దిక్కున, సంతలో సగం మాటలు మరాఠీలో వినబడే ఊరు. మా దగ్గర ఎవరి ఏడుపు వారిదే. నోట్లో కొంగు కుక్కుకొని ఏడుస్తాం, గొంతు బయటికి రానివ్వం. ఇంకొక సంగతి కూడా చెప్పాలి, ఇది ముఖ్యం. మా దిక్కున ఒక మనిషి మాటను ఇంకొక మనిషి ఆమె లాగే అన్నదంటే అది వెక్కిరింత. నల్లా దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు కొట్లాడితే, "నేను పటేలు బిడ్డను, నేనెందుకు వంగుత బిందె ఎత్తనీకి" అని ఎదుటిదాని గొంతు పెట్టి ఇది అంటుంది. అంతకు మించిన తిట్టు మాకు లేదు.

ఇక ఆ రోజు సంగతి.

మాకు ఎకరన్నర చెరకు ఉండేది. నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ చిగురించిన తోట. దగ్గరి ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకును ఎక్కడికో దూరం తోలాల్సి వస్తోంది. తోట దున్నేసి వరి పెట్టుకుందామని నేను. ఇంకొక్క ఏడు ఉంచుదామని ఆయన. చెరకంటే ఆయనకు ప్రాణం. ఆకు చేతులు కోసి రక్తం వచ్చినా తుడుచుకునేవాడు కాదు. రెండు రోజులు మాటామాటా అనుకున్నాం. మూడో రోజు పొద్దున నేను పొయ్యి దగ్గర జొన్న రొట్టె చేస్తున్నాను. తోటకు నీళ్ళు మలపడానికి పార ఎత్తుకొని గడప దగ్గర నిలబడి "పోయొస్త" అన్నాడు. మంచిది, పోయిరా అనాలి. ఎంత కోపమున్నా ఆ మాట అంటాం. నేను అనలేదు. మంట వైపు మొఖం తిప్పుకున్నాను.

ఎండ ఎక్కకముందే ఆయన్ను ట్రాక్టరు ట్రాలీలో తెచ్చారు. గెనెం మీద, అంటే మడి గట్టు మీద, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. గుండె అన్నారు.

నన్ను తలాపున కూర్చోబెట్టారు. నాకు ఏడుపు రాలేదు. మాట రాలేదు, కొంగు కూడా నోటికి పోలేదు. ఊరి ఆడవాళ్ళంతా నా నోరు చూస్తున్నారు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. అప్పుడు అత్తమ్మ నా వెనక నుంచి వచ్చి పక్కన కూర్చొని శోకం ఎత్తుకుంది. మాటలన్నీ నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ఇవి:

పోయొస్తనని నువ్వు గడప దిగితివి
పొయ్యిల మంటకు నా మొఖము తిప్పితి
ఒక్క మాటకు నేను పీనాసినైతి
ఓ నా తోటకావలీ, ఓ నా నీడా

గెనెము మీద నీ పార ఉన్నది
గెట్టు దాటి నువ్వు యాడికి పోతివి
చెరుకాకు కోసినా సప్పుడు చెయ్యనోడ
ఓ నా తోటకావలీ, ఓ నా నీడా

మొదటి రెండు ముక్కలు చెవిలో పడగానే నాకు ఒళ్ళంతా కాలింది. పొద్దున పొయ్యి దగ్గర జరిగింది ఈమెకు తెలుసు. తెలిసి, నా గొంతు పెట్టి, పీనుగ ముందు, ఊరందరిలో నన్ను వెక్కిరిస్తోంది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు "ఓ నా నీడా" అని అందుకుంటుంటే నాకు అది నా మీద ఉమ్మేసినట్టే అనిపించింది. లేచి పోదామంటే లేవలేను.

ఆ రోజు నుంచి ఆమెతో నేను మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కుండలో తింటూ. ఏమన్నా ఉంటే మధ్యలో బిడ్డ ఉండేది.

"మీ అమ్మకు చెప్పు, పప్పుల ఉప్పు దండిగైందని."

"మీ బాపమ్మకు చెప్పు, నాలిక పదునున్నోళ్ళకే ఉప్పు తెలుస్తదని."

బిడ్డ కంచం ముందు తలకాయ పట్టుకునేది. "మీరిద్దరు నాకు జీతమియ్యాలె. నేను పోస్టుమన్ పని చేస్తున్న."

ఆరేళ్ళూ ఇట్లాగే గడిచాయి. తోట దున్నేశాను, వరి పెట్టాను. పసుపు వచ్చే కాలంలో నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోయి కుప్పలో కాడి వేరు, గోళ వేరు చేస్తాను. కాడి అంటే పొడుగు కొమ్ము, గోళ అంటే గుండ్రటి దుంప. మట్టి వేరు, పుచ్చు వేరు. కలిసి ఉన్నంతసేపు అదొక పచ్చటి కుప్ప, అంతే. విడదీస్తేనే ఏది ఎంత ఉందో తెలుస్తుంది.

బిడ్డ డిగ్రీలో తెలుగు తీసుకుంది. పొద్దుగూకే వేళ వాకిట్లో కూర్చొని గట్టిగా చదువుకుంటుంది. నేను బియ్యంలో రాళ్ళేరుతూ వింటాను. ఒకరోజు కథల గురించి, కవితల గురించి ఏవేవో పేర్లు చదివింది. ఇతివృత్తం, నేపథ్యం, సంఘర్షణ, ఉపమానం, మకుటం, వక్త.

"గివన్ని ఏంటియే? మందుల పేర్ల లెక్కున్నయి" అన్నాను.

"కథను విప్పి సూసే పనిముట్లమ్మా."

"కథను విప్పుడెందుకు? వింటే సరిపాయె గద."

"నువ్వు పసుపు ఎందుకు ఏరుతవు? కుప్పనే అమ్మొచ్చు గద."

దానికి నోరు వాళ్ళ బాపమ్మది వచ్చింది. నేను నవ్వుకొని, చెప్పు మరి అన్నాను. చెప్పింది. ఇతివృత్తమంటే ఏం జరిగింది, దాని తర్వాత ఏం జరిగింది అనే వరస. నేపథ్యమంటే ఎక్కడ, ఎప్పుడు. సంఘర్షణ అంటే ఇద్దరికి కుదరకపోవడం. అప్పుడు నేను అడిగాను, ఒక్క మనిషికే లోపల కుదరకపోతే దాన్ని ఏమంటారని. అది కూడా సంఘర్షణేనమ్మా, లోపలి సంఘర్షణ అంది. దానికి కూడా ఒక పేరుందని వినగానే నాకు ఏదో అయింది. ఆరేళ్ళ నుంచి లోపల తిరుగుతున్నదాన్ని ఎవరో పుస్తకంలో రాసి పెట్టారు, పిల్లలకు పాఠం చెబుతున్నారు. నేను ఇంకా నాకొక్కదానికే వచ్చిన రోగమనుకున్నాను.

మకుటమంటే ప్రతి పద్యం చివర మళ్ళీ మళ్ళీ వచ్చే మాట. ఉపమానమంటే ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చినప్పుడు ఆ పోలికకు తెచ్చుకున్నది. వక్త దగ్గర మాత్రం నాకు అర్థం కాలేదు. "పాట కట్టినామె, పాటల మాట్లాడేటామె ఒక్కరే కానక్కర్లేదు" అని చదివింది. అదెట్లా అన్నాను. పాట కట్టినామెనే గద మాట్లాడేది. సరే, ఇది నాతోని అయ్యేది కాదని రాళ్ళ మీద పడ్డాను.

తర్వాత కొన్నాళ్ళకు వాళ్ళ తెలుగు మేడం ఒక పని పెట్టింది. ఏ పుస్తకంలోనూ లేని పాట ఒకటి ఇంటి నుంచి తేవాలి. దాంట్లో ఇవన్నీ ఎక్కడున్నాయో రాయాలి. రాసి, తరగతి ముందు నిలబడి చదవాలి. నేను యార్డుకు పోయిన రోజు బిడ్డ వాళ్ళ బాపమ్మ మంచం దగ్గర కూర్చొని ఆ శోకం ఫోన్‌లో పట్టుకుంది. నేను ఇంటికి వచ్చేసరికి ఫోన్‌లో అత్తమ్మ గొంతు. "పొయ్యిల మంటకు నా మొఖము తిప్పితి."

ఫోన్ గుంజుకున్నాను.

"గిది చదువుతవా నువ్వు? నలుగురిల?"

"చదువుతే ఏమైతదమ్మా?"

"మన ఊరి పిల్లలున్నరు నీ కాలేజిల. మీ బాపు పోయిననాడు నా బతుకు ఒకపారి బజార్ల పడ్డది. మల్ల పడాల్నా?"

"బాపు మీద ఎవరన్న కట్టిన పాట గిదొక్కటేనమ్మా. ఇంకోటి లేదు నాకు."

ఆ మాట గుండెలో పడింది. అయినా ఫోన్ ఇవ్వలేదు. బియ్యం డబ్బాలో పెట్టాను. అత్తమ్మ మంచంలో నుంచి అంతా వింది. బుధవారం చదవాలి. శుక్రవారం గుంజుకున్నాను. శనివారం బిడ్డ నాతో మాట్లాడలేదు. ఇంట్లో ఇక మాట్లాడుకునే జంట ఒక్కటే మిగిలింది, ముసలామె, పిల్ల. నేను ఒక్కదాన్నే అయ్యాను.

ఆదివారం మధ్యాహ్నం బిడ్డ నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. మొండిది. "ఒక్కపారి నాతోని కలిసి విను. విన్నంక వద్దంటే వేరే పాట రాసుకుంట. ఒట్టు."

డబ్బా మూత తీసి ఫోన్ ఇచ్చాను. అత్తమ్మ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. నిద్రపోలేదని నాకు తెలుసు.

పాట మొదలైంది. ఒక్కొక్క ముక్క దగ్గర ఆపుతూ బిడ్డ అడుగుతోంది, రాసుకుంటోంది.

"నేపథ్యం?"

"పొయ్యి. గడప. గెనెం" అన్నాను. నా గొంతు నాకే వేరేగా వినబడింది.

"మకుటం?"

"ఓ నా తోటకావలీ, ఓ నా నీడా."

"సంఘర్షణ?"

నేను మంచం వైపు చూశాను. బిడ్డ కలం పక్కన పెట్టి, "అమ్మా, నిన్నొకటి అడుగుత" అంది. "పాట మొత్తం విన్నవు గద. బాపమ్మ ఒక్కసారన్న 'కొడుకా' అన్నదా?"

నేను మళ్ళీ మొత్తం మనసులో తిప్పుకున్నాను. తోటకావలీ అంది. నీడా అంది. కొడుకా అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. ఎవరి కొడుకు పోయినా, ఏ ఇంట్లోనైనా, తల్లి ఏడుపు ఆ మాటతోనే మొదలవుతుంది. అది లేకుండా తల్లి ఏడుపు ఉండదు. ఆరేళ్ళు ఈ పాటను నేను రోజూ లోపల విన్నాను. ఆ మాట లేదన్నది నాకు పట్టలేదు.

బిడ్డ మంచం వైపు తిరిగింది. "బాపమ్మా, గీ పాటల మాట్లాడేది ఎవరు?"

అత్తమ్మ గోడ వైపే ఉండి అంది, "ఎవరేంది? మీ అమ్మ."

"మరి పాడింది నువ్వు గద."

"నోరు నాది. ఏడుపు ఆమెది." లేచి కూర్చుంది. మాట బిడ్డకే చెబుతోంది, చూపు మాత్రం నా మీద ఉంది. "మా దిక్కు గట్లనే. మొగడు పోయినదానికి మాట రాకపోతే ఇంట్ల పెద్దది ఆమె నోరైతది. ఆమె లెక్క ఏడుస్తది. ఏడ్వకుంట పీనుగను లేపితే, గా ఏడుపు ఆమె కడుపుల రాయైతది. మా అత్త నాకు గట్లనే ఏడ్చింది, మీ తాత పోయిననాడు."

ఆరేళ్ళలో మొదటిసారి బిడ్డ లేకుండా నేరుగా ఆమెకే అన్నాను. "పొయ్యి కాడ ముచ్చట ఎందుకు పెట్టినవు మరి? నన్ను తక్కువ చేయనీకి కాదా?"

"పెట్టకపోతే అది నీ శోకమెట్లైతది? నీ కడుపుల కాలుతున్నది గదే గద. నేను చీర గురించి, గాజుల గురించి ఏడిస్తే నీ మనసుకు తగులుతుండెనా?"

"నీకెట్ల తెల్సు నేను పలుకలేదని?"

అత్తమ్మ కొంగు సర్దుకొని అంది, "వాడు రెండుసార్లన్నడే పోయొస్తనని. నీకొకటి, పక్క గదిల, అర్రల ఉన్న నాకొకటి. తోట దున్నుమని నేనూ నీ దిక్కే ఉంటి గద. నేను గూడ పలుకలే."



"ఆరేండ్లాయె" అన్నాను నేను. "ఒక్కనాడన్న చెప్పొద్దా అత్తమ్మా?"

"నువ్వడిగినవా? ఉప్పు సంగతికి పిల్లను పంపుతవు, గిది అడగనీకి పంపరాదా? నేనేమనుకున్న, దీని మొగడు పోయిండు, నేను కన్నదాన్ని బతికున్న, నన్ను సూస్తే దీనికి మంట అనుకున్న. ఉండనీ అనుకున్న."

అప్పుడు బిడ్డ చిన్నగా అడిగింది, "మరి నీ ఏడుపు ఎప్పుడు ఏడ్చినవు బాపమ్మా?"

"యాడిది? ఆ దినం నాకున్నది ఒక్క గొంతు. అది మీ అమ్మకు ఇస్తి. పీనుగ లేసినంక ఎవలు ఏడుస్తరు? లేసినంక ఏడ్వొద్దు."

నేను లేచి పోయి మంచం దగ్గర నేల మీద కూర్చున్నాను. ఎవరు ముందు కదిలారో చెప్పలేను. ఆమె చెయ్యి నా తల మీద పడిందో, నా తల ఆమె మోకాలికి ఆనిందో. ఇంతలో ఆమె గొంతు లేచింది. మామూలుగా శోకం పెట్టినప్పటి గొంతు కాదు, పగిలిన గొంతు. "కొడుకా" అంది. ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. ఊపిరి తీసుకొని మళ్ళీ అంది. చుట్టూ అందుకునేవాళ్ళు లేరు. శోకంలో చివరి ముక్కను ఎవరో ఒకరు అందుకోవాలి, లేకపోతే ఏడ్చేదానికి ఊపిరి అందదు. నాకు రాగం రాదు. అయినా అందుకున్నాను. ఏమన్నానో పూర్తిగా గుర్తులేదు. ఆమె ఏమంటే దాని తోక నేను పట్టుకున్నాను. ఆయన చిన్నప్పుడు బెల్లం గానుగ దగ్గర కాలు కాల్చుకున్న సంగతి అందులో వచ్చింది. అది నాకు అప్పటిదాకా తెలియదు. కాలి మీద మచ్చ చూశాను కానీ, ఎట్లా అయిందని ఎన్నడూ అడగలేదు.

పక్కింటి అక్క పరుగెత్తుకొచ్చింది. చేతికి పిండి అంటుకొని ఉంది. "అయ్యో, ఎవలు పోయిన్రే?" అని గుమ్మంలోనే నిలబడింది.

బిడ్డ ఏడుస్తూనే చెప్పింది. "బాపు పెద్దమ్మా. ఆరేండ్ల కింద."

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. మా ఇద్దరినీ చూసింది, ఒకే మంచం దగ్గర ఉండడం చూసి ఇంకా ఆశ్చర్యపోయింది. మమ్మల్ని లేపే ప్రయత్నం చేయలేదు. మంచి మనిషి. పిండి చేతులతోనే వచ్చి నా పక్కన కూర్చుంది, తర్వాతి ముక్కను మాతో కలిసి అందుకుంది.

సాయంత్రం మొఖాలు కడుక్కొని, బిడ్డ మళ్ళీ నోటుబుక్కు తెరిచింది. ఫోన్‌లో ఇప్పుడు రెండు పాటలున్నాయట. మధ్యాహ్నం మా మాటలు పట్టుకుందామని ఫోన్‌లో రికార్డు పెట్టి ఆపడం మరిచిపోయిందట, నాకైతే అది అబద్ధమే అనిపించింది. బాపమ్మ కొడుకు కోసం ఏడ్చిన పాటైతే ఎవరికీ అడ్డం ఉండదమ్మా, అదే చదువుతాను, నీ పొయ్యి సంగతి అందులో రాదు అంది.

నేను ఆలోచించాను. అత్తమ్మ కూడా నా వైపే చూస్తోంది.

"గది బాపమ్మది" అన్నాను. "ఇయాల్నే బయటకొచ్చింది పాపం, దాన్ని ఇంట్లనే ఉండనీ. మొదటిది చదువు."

"పొయ్యి ముచ్చట ఉంటదమ్మా దాంట్ల. ఊరి పిల్లలుంటరు."

"ఉండనీ. వక్త కాడ ఏం రాస్తున్నవ్?"

"చనిపోయిన మనిషి భార్య."

"అట్లనే రాయి. కట్టింది ఆయన తల్లి అని గూడ రాయి. ఎవలన్న భార్య ఎందుకు పలుకలేదని అడిగితే చెప్పు, ఆమె బతికే ఉన్నది, మా ఇంట్లనే ఉన్నది, అడగదలిస్తే ఇంటికి రమ్మను. నేనే చెప్త."